పచ్చి కూరముక్కలకు తోడు రసాలు

పచ్చి కూరలు తినుమని చెప్పు వైద్యులు నేడు చాలమంది ఉన్నారు. వాటిని ఎట్లు తినవలెనో, దేనితో కలిపి తినవలెనో, ఎవరు తినరాదో కూడ చెప్పువారు తక్కువ. అందువలన మధుమేహం ఉన్నవారు, బరువు తగ్గదలచినవారు దోసకాయ, క్యారెట్, ముల్లంగి, క్యాబేజీ తరిగి పళ్ళెంలో పెట్టుకొని, అవి రుచించక, బజారులో దొరకు సీసాలను ఆశ్రయించుచున్నారు. ఆ సీసాలలోని చిక్కని ద్రవాన్ని సలాడ్ డ్రెస్సింగ్ అంటారు. తెలుగులో దీనికి ఒక్క మాటగా పేరు లేదు గాని, ఆ పని మన వంటిండ్లలో ఎప్పటినుండియో జరుగుచునే ఉన్నది. ఇంటిలో అయిదారు నిమిషాలలో చేసుకొనదగిన కొన్ని రసాలను, వాటి గుణదోషాలను ఈ వ్యాసంలో వివరిస్తాను.

సలాడ్ అను మాటకు లాటిన్ భాషలో ఉప్పు అను అర్థం గల పదమే మూలం. ఉప్పు చల్లిన ఆకుకూర అని దాని తొలి భావం. మన శ్రీరామనవమి వడపప్పును చూడండి. నానిన పెసరపప్పులో పచ్చి మామిడి తురుము, కొబ్బరి, దోసకాయ ముక్కలు, కొంచెం ఉప్పు, పచ్చిమిరప, కొత్తిమీర కలిపి పెడతాము. నిప్పు తగలని ఆహారాన్ని పులుపు, ఉప్పు, కారం, స్నిగ్ధతలతో జీర్ణానికి అనుకూలంగా మార్చుట అందులో ఉన్నది. అంతకు సుమారు ఎనిమిది దినాల ముందు వచ్చు ఉగాది పచ్చడి కూడ ఈ కోవలోనిదే.

చరకసంహిత సూత్రస్థానం 27వ అధ్యాయంలో ఆహార ద్రవ్యాలను 12 వర్గాలుగా విభజించినారు. అందులో శాకవర్గం వేరు, హరితవర్గం వేరు. శాకవర్గంలోనివి ప్రధానంగా వండుకొని తినునవి. హరితవర్గంలో అల్లం, జంబీరం, ముల్లంగి, తులసి, వాము, ధనియాల ఆకు అనగా మన కొత్తిమీర, ఉల్లి, వెల్లుల్లి మొదలైనవి ఉన్నవి. ఇవి పచ్చిగా వాడుకొనదగినవి. ఈ జాబితాను జాగ్రత్తగా చూచినచో ఒక విషయం బోధపడుతుంది. ఇందులో అధికభాగం అగ్నిని పెంచు ద్రవ్యాలే. పచ్చిగా తినువానికి తోడుగా అగ్నిదీపనం ఉండవలెనని మన పెద్దలు ఎరుగుదురు. ముల్లంగిని గురించి అక్కడ చెప్పిన మాట మరీ ఉపయోగకరం. లేత ముల్లంగి దోషాలను హరిస్తుంది, ముదిరినది మూడు దోషాలను పెంచుతుంది, స్నేహద్రవ్యంతో పక్వం చేసినది వాతాన్ని శమింపజేస్తుంది. ఒకే దుంప వయస్సును బట్టి, సంస్కారాన్ని బట్టి ఇన్ని విధాల ప్రవర్తించునప్పుడు, "ముల్లంగి మంచిదా, చెడ్డదా?" అని ఒక్క మాటలో అడుగువారికి ఏమని జవాబు చెప్పగలము?

నేను గురుకులంలో చదువుకొన్న రోజులలో మా గురువుగారు విమానస్థానం మొదటి అధ్యాయంలోని ఆహారవిధి విశేషాలు ఎనిమిదింటిని వంటింటి గుమ్మంలో కూర్చుండి చెప్పేవారు. ప్రకృతి, కరణం, సంయోగం, రాశి, దేశం, కాలం, ఉపయోగసంస్థ, ఉపయోక్త. అనగా పదార్థ స్వభావం, దానికి చేసిన సంస్కారం, దేనితో కలిపినాము, ఎంత పెట్టినాము, ఏ ప్రాంతం, ఏ వేళ, ఏ నియమంతో, ఎవరు తినుచున్నారు అన్నవి. పచ్చి కూరపై పోయు రసం రెండవ, మూడవ అంశాలకు చెందినది. కావున దానిని కేవలం రుచి కొరకు అనుకొనరాదు. నీరు ఎక్కువగా ఉండి, శీతంగా, రూక్షంగా ఉండు కీరదోస, క్యాబేజీ వంటివానికి ఉష్ణం, స్నిగ్ధం అయిన తోడు కావలెను. మా నెల్లూరు తీరం వంటి సముద్రతీర భూమిని శాస్త్రం ఆనూపదేశమన్నది. ఇక్కడ గాలిలో తేమ ఎక్కువ. కఫవాతాల ప్రాబల్యం ఎక్కువ. అందువలన అల్లం, మిరియం, ఆవాలు, జీలకర్ర ఈ ప్రాంతపు రసాలలో తప్పక ఉండవలెను.

నూనె లేకుండ తినుట మంచిదని కొందరు భావిస్తారు. క్యారెట్‌లోని పసుపుపచ్చని, ఎర్రని వర్ణద్రవ్యాలు నూనెలో కరుగునవి గాని నీటిలో కరుగునవి కావు. 2004లో అమెరికాలోని అయోవా రాష్ట్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు పచ్చి కూరలను కొవ్వు లేని రసంతోను, కొవ్వు గల రసంతోను తినిపించి రక్తాన్ని పరీక్షించినారు. కొవ్వు లేని రసంతో తిన్నవారికి ఆ వర్ణద్రవ్యాలు దాదాపుగా ఒంటబట్టలేదు. మన శాస్త్రం తైలాన్ని, నేతిని స్నేహమని పిలిచినది. ఆ పేరు ఇక్కడ అక్షరాల సరిపోయినది. అయితే మనిషికి ఒక చిన్న చెంచా చాలును. గిన్నె అడుగున నూనె నిలుచునట్లు పోసుకొనుట స్నేహం కాదు, మితిమీరిన చనువు!

నిమ్మరసం, నువ్వుల నూనె

మన ప్రాంతానికి ఇదే మొదటిది. గూడూరు, పొదలకూరు నిమ్మ మార్కెట్ల నుండి కాయలు ఢిల్లీ వరకు పోవుచున్నవి. ఇంటి ముంగిట ఇంత మంచి పులుపు ఉండగా సీసా కొనవలసిన పని లేదు. నిమ్మ వాతహరం, దీపనం, పాచనం, లఘువు. అందులోని సి విటమిన్ ఆకుకూరలలోని ఇనుము ఒంటబట్టుటకు కూడ తోడ్పడుతుంది.

నలుగురికి సరిపడు అరకిలో ముక్కలకు ఒక పెద్ద నిమ్మకాయ రసం తీసుకొని, గింజలు తీసివేయవలెను. అందులో పావు చెంచా ఉప్పు, అర చెంచా దోరగా వేయించి దంచిన జీలకర్ర, పావు చెంచా మిరియాల పొడి, ఒక చెంచా అల్లం తురుము వేసి ఉప్పు పూర్తిగా కరుగునట్లు కలపవలెను. ఉప్పు పులుపులో కరుగుతుంది, నూనెలో కరగదు. అందువలన ఈ క్రమం మార్చరాదు. ముందుగా నూనె పోసినవారికి ఒక ముక్క చప్పగా, మరొకటి ఉప్పగా తగులుతుంది. తరువాత చిటికెడు ఆవపిండి వేసి, నాలుగు చెంచాల గానుగ నువ్వుల నూనెను సన్నని ధారగా పోయుచు కవ్వంతో గాని, చెంచాతో గాని గిలకొట్టవలెను. నూనె, పులుపు విడివిడిగా తేలక, పలుచని మజ్జిగవలె కలిసిపోతాయి. ఆవపిండిలోని జిగురు రెంటిని పట్టి ఉంచుతుంది. ఆవపెట్టిన కూరలు వండు ఇల్లాండ్రకు ఈ గుణం చేతి అనుభవంగానే తెలుసు.

ఈ రసాన్ని తినబోవు ముందు మాత్రమే ముక్కలకు పట్టించవలెను. ఉప్పు తగిలిన కీరదోస కొద్దిసేపటికే నీరు వదలి వాడిపోతుంది. భోజనానికి ముందు అల్లం, ఉప్పు నమలుట పథ్యమని భావప్రకాశం చెప్పినది. ఈ రసంలో ఆ రెండును ఉన్నవి గనుక, అన్నం ముట్టుటకు ముందే ఈ ముక్కలు తినుట యుక్తం.

నిమ్మకాయ ధర పెరిగినప్పుడు ఏమి చేయవలెనని అడుగుతారు. 2022 వేసవిలో దేశంలోని పలు పట్టణాలలో కిలో నిమ్మ 200 రూపాయలు దాటినది. అప్పుడు చైత్ర, వైశాఖాలలో పచ్చి మామిడి తురుము, కార్తికంలో ఉసిరి రసం, ఏ కాలమందైనను చింతపండు పులుసు ఆ స్థానంలో వాడుకొనవచ్చును. తరవాణి కుండ ఉన్న ఇంటిలో అయితే ఆ పుల్లని నీరు నాలుగు చెంచాలు చాలును, కాని తరవాణి కుండ ఉన్న ఇండ్లు నేడు ఎన్ని? వెనిగర్ సంగతి చెప్పవలెనన్న, దాని వంటి పులిసిన ద్రవాలను శాస్త్రం శుక్తమన్నది, అవి రక్తపిత్తాన్ని ప్రకోపింపజేస్తాయని హెచ్చరించినది. పైగా మన బజారులో చౌకగా దొరకునది పండ్ల నుండి పులియబెట్టినది కాదు. ఎసిటిక్ ఆమ్లాన్ని నీటితో పలుచన చేసినది. సీసాపై సింథటిక్ అని రాసి ఉంటుంది, చదివి కొనవలెను.

పెరుగు రసం

తాజాగా తోడుకొన్న, పులియని పెరుగు ఒక గిన్నెడు తీసుకొని నీరు పోయక చిలికి, అందులో వేయించిన జీలకర్ర పొడి, సన్నగా తరిగిన పుదీన లేక కొత్తిమీర, చిటికెడు ఉప్పు కలపవలెను. ఒక చెంచా నేతిలో ఆవాలు, ఇంగువ, కరివేపాకుతో పోపు పెట్టి, చల్లారిన తరువాత కలపవలెను. పెరుగును వేడి చేయరాదు, రాత్రివేళ తినరాదు, నెయ్యి, పెసరకట్టు, ఉసిరి, తేనె వంటి తోడు లేకుండ తినరాదని శాస్త్ర నియమం. పోపులోని నెయ్యి ఆ నియమాన్ని పాటించినదే. కీర, క్యారెట్, లేత ముల్లంగి దీనికి బాగుగా కుదురుతాయి. ముల్లంగి తిన్న వెంటనే పాలు త్రాగుట విరుద్ధాహారం. రాత్రి సలాడ్ తిని, పడుకొనుటకు ముందు గ్లాసు పాలు త్రాగు అలవాటు పట్టణాలలో పెరిగినది. చర్మరోగాలతో నా వద్దకు వచ్చినవారిని నేను ముందుగా అడుగు ప్రశ్నలలో ఇది ఒకటి.

నువ్వుల పొడి రసం

రెండు చెంచాల నువ్వులను చిటపటలాడునంత వరకు వేయించి మెత్తగా నూరి, నిమ్మకాయంత చింతపండులో పావు భాగం కాచి చల్లార్చిన నీటిలో నానబెట్టి తీసిన పులుసు, అర చెంచా బెల్లం, చిటికెడు ఉప్పు చేర్చి జారుగా కలిపినచో క్యాబేజీ, క్యారెట్ తురుముకు చక్కని తోడు. ఇందులో వేరుగా నూనె అక్కర లేదు. వేరుశనగ గుండ్లు పడనివారు ఉంటారు. వారికి ఇది మేలు, అయితే నువ్వులు పడనివారు కూడ కొందరు ఉంటారు. ఒకసారి నోరు దురద పెట్టినను, పెదవులు వాచినను మరల ముట్టరాదు.

బొప్పాయి, జామ వంటి పండ్లముక్కలపై ఒక చెంచా తేనె, అర చెక్క నిమ్మరసం, చిటికెడు మిరియం చాలును. తేనెను వేడి చేయరాదు, నేతితో సమభాగంగా కలుపరాదు. ఏడాది నిండని శిశువుకు నాకించుట కూడదు. మధుమేహం ఉన్నవారు తేనెను మందుగా భావించి ధారాళంగా పోసుకొనుచున్నారు. అదియు చక్కెరయే అని మరువరాదు.

ఉప్పు విషయం

మన తీరంలో ఇసకపల్లి ఉప్పు కయ్యలు చూడనివారు తక్కువ. ఎండుచేపలు, ఊరగాయలు, అప్పడాలు మన నిత్యాహారం. చరకుడు అతిగా వాడరాదని చెప్పిన మూడు ద్రవ్యాలు పిప్పలి, క్షారం, లవణం. ఉప్పు అతిగా తిను అలవాటు గల బాహ్లిక, సౌరాష్ట్ర, సైంధవ, సౌవీర ప్రాంతాల ప్రజలను పేరెత్తి ఉదాహరించి, వారికి కలుగు బలహీనతను వర్ణించినాడు. ఆ జాబితాలో మన కోస్తా లేదు గాని, ఆయన మా వైపు వచ్చి ఉండినచో తప్పక చేర్చి ఉండును! హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలు మనిషికి రోజుకు మొత్తం 5 గ్రాముల ఉప్పు మించరాదన్నవి. అనగా ఒక చిన్న చెంచా. అందులోనే కూర, చారు, ఊరగాయ, సలాడ్ అన్నియు ఇమడవలెను.

సైంధవ లవణం శ్రేష్ఠమని శాస్త్రం చెప్పిన మాట నిజం. కాని దానిని సాకుగా తీసుకొని రక్తపోటు ఉన్నవారు రెండింతలు చల్లుకొనుట సరికాదు. సైంధవంలోను అధికభాగం సోడియం క్లోరైడే. అయోడిన్ కలిపినదని సీసాపై లేనిచో అందులో అది చాలినంత ఉండదు. సోడియం తగ్గించి పొటాషియం చేర్చిన ఉప్పు మూత్రపిండ వ్యాధి ఉన్నవారికి ప్రమాదం. ఉప్పు తగ్గించినప్పుడు రుచి లోటును పులుపు, జీలకర్ర, అల్లం, కొత్తిమీర చాల వరకు తీరుస్తాయి. నేను పావు చెంచాతో కొలత చెప్పినది అందుకే.

ఎవరు ఎట్లు తినవలెను

మైపాడు వైపు పల్లె నుండి అరువది ఏండ్ల వయస్సు గల తల్లి ఒకరు నా వద్దకు వచ్చినారు. ఆమెకు మధుమేహం. రాత్రి అన్నం మాని పచ్చి కూరలు తినుమని ఎవరో చెప్పగా, గిన్నెడు పచ్చి క్యాబేజీ, ముదిరిన ముల్లంగి తినుచు, రుచి కొరకు అల్లుడు తెచ్చిన సీసా రసం పోసుకొనుచుండినారు. కడుపుబ్బరం, పుల్లని త్రేన్పులు, నిద్రలేమి. "అయ్యా, గొడ్డు మాదిరి పచ్చిది నమలమంటే నాకెట్ట సయిస్తాది? పొట్ట డోలు మాదిరి అయిపోతా ఉంది" అన్నారు. సీసా తెప్పించి చూచినాను. దానిపై పదార్థాల పట్టికలో నూనె తరువాత ఉన్నది చక్కెర. మధుమేహం కొరకు తినుచున్న కూరపై ప్రతిరాత్రి చక్కెర పోసుకొనుచున్నట్లే గదా!

"అమ్మా, రాత్రి ఉడికిన కూర, పలుచని పెసరకట్టు తీసుకోండి. పచ్చి ముక్కలు మధ్యాహ్నం అన్నానికి ముందు మీ గుప్పెడు మాత్రమే, అదియు లేత కీర, క్యారెట్. పైన నిమ్మ, అల్లం, నువ్వుల నూనె రసం. మీ వైద్యులు ఇచ్చిన బిళ్ళలు మాత్రం మానరాదు" అని చెప్పి పంపినాను. మూడవ వారంలో వచ్చినప్పుడు ఉబ్బరం తగ్గినదన్నారు. మధుమేహాన్ని ఈ రసం పోగొట్టునని నేను చెప్పుట లేదు. ఆమె తినవలసిన కూర ఆమెకు ఒంటబట్టు మార్గం దొరికినది, అంతే.

జ్వరం నుండి లేచినవారు, అజీర్ణం, గ్రహణి గలవారు, నాలుక మందంగా పూతపట్టి ఆకలి లేనివారు పచ్చి కూరలు మానవలెను. కడుపులో పుండు, ఛాతీలో మంట గలవారు పులుపు తగ్గించి పెరుగు రసం వాడుకొనవచ్చును. రక్తం పలుచన చేయు మందులు వాడువారు ఆకుకూరల పరిమాణాన్ని తమ వైద్యునికి చెప్పక అకస్మాత్తుగా పెంచరాదు, తగ్గించరాదు. పుల్లని రసం తిన్న తరువాత నోరు పుక్కిలించుట పండ్లకు మంచిది.

కాలం సంగతి మన జిల్లాలో ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది. గ్రంథాలలో వర్షఋతువు అన్నప్పుడు శ్రావణ భాద్రపదాలు తలంపునకు వస్తాయి. నెల్లూరు తీరానికి అసలు వానలు ఈశాన్య ఋతుపవనంతో ఆశ్వయుజ, కార్తిక, మార్గశిరాలలో వస్తాయి. అగ్ని మందగించి, నీరు చెడు కాలం మనకు అదే. 2015 నవంబరు వానలను, 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరదను చూచినవారు మురుగు, త్రాగునీరు ఒకటైన తీరును మరువలేరు. అటువంటి రోజులలో ఎంత మంచి రసం కలిపినను పచ్చి కూర నిషిద్ధం. వాంతులు, విరేచనాలు, కామెర్లు ఆ నీటి వెంట వస్తాయి. నిమ్మరసం పడినంత మాత్రాన క్రిములు చావవు. ఉప్పునీటిలో, పసుపునీటిలో ముంచితే చాలునను నమ్మకం కూడ ఆధారపడదగినది కాదు.

మామూలు రోజులలోను ఆకుకూరను కాడ కాడగా విడదీసి, పారు నీటిలో చేతితో రుద్ది కడిగి, చివర కాచి చల్లార్చిన నీటితో మరొకసారి కడుగవలెను. మలంతో కలుషితమైన పొలాల కూరల మీద బద్దెపురుగు గ్రుడ్లు ఉండవచ్చును. అవి కడుపులోనికి పోయినచో మెదడులో తిత్తులు కట్టి మూర్ఛలు కలిగిస్తాయి. మాంసం ముట్టని ఇండ్లలో కూడ ఈ వ్యాధి కనిపించుటకు ఇదే కారణం.

నిలువ చేయుటలో జాగ్రత్త

కొందరు వెల్లుల్లి రేకులను పచ్చి నూనెలో వేసి సీసాలో నెలల తరబడి నిలువ చేసి సలాడ్‌పై పోసుకొనుచున్నారు. ఇది ప్రాణాంతకం. 1985లో కెనడాలోని వాంకోవర్ నగరంలో నూనెలో నిలువ ఉంచిన వెల్లుల్లి తిని పలువురు బొట్యులిజం అను పక్షవాతం వంటి వ్యాధికి గురియైనారు. మట్టిలో పెరుగు వెల్లుల్లికి అంటి ఉండు సూక్ష్మజీవి, నూనె అడుగున గాలి తగలక, పులుపు లేక విషం తయారు చేస్తుంది. ఆ విషానికి వాసన గాని, రుచి గాని ఉండదు. మన వెల్లుల్లి ఊరగాయలో నిమ్మరసం, ఉప్పు సమృద్ధిగా ఉన్నందున ఆ స్థితి వేరు. వెల్లుల్లి రుచి కావలసినవారు ఒక రేకును అప్పటికప్పుడు దంచి కలుపుకొనవలెను.

పచ్చి గ్రుడ్డుతో చేయు మయోనైజ్ గురించి శాకాహారులకు చెప్పవలసినది లేదు గాని, అది తినువారు తెలుసుకొనవలెను. హైదరాబాదులో ఆహారం విషమించిన సంఘటనల తరువాత తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30న పచ్చి గ్రుడ్డు మయోనైజ్‌ను ఒక ఏడాదికి నిషేధించినది. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కూడ అదే పని చేసినది. ఆ చిక్కదనం కావలసినవారు పెరుగును పలుచని గుడ్డలో రెండు గంటలు వ్రేలాడగట్టి నీరు వడియనిచ్చి, ఆవపిండి, నిమ్మరసం, ఒక చెంచా నూనె చేర్చి గిలకొట్టుకొనవచ్చును. పిల్లలకు రుచిలో తేడా ఎక్కువగా తెలియదు.

పెరుగు రసం, నువ్వుల రసం ఏ పూటకు ఆ పూట చేసుకొనవలెను. నిమ్మ, నూనె రసం అల్లం వేయకుండ ఉంచినచో గాజు సీసాలో, ఫ్రిజ్‌లో రెండు దినాలు ఉంటుంది. వాడుటకు ముందు బాగుగా కుదిపి, అల్లం అప్పుడు తురుముకొనవలెను. ఇత్తడి, రాగి, అల్యూమినియం పాత్రలలో పులుపు కలుపరాదు. గాజు, పింగాణి, స్టీలు వాడవలెను. ముక్కలకు పట్టించిన రసం గిన్నె అడుగున మిగిలినచో దాచి ఉంచక, అదే పూట అన్నంలో కలుపుకొనవచ్చును.